42 గజాల ఇంటికి ఎంత వీధి కావాలి

ప్లాటు 35 చదరపు మీటర్లు. మన లెక్కలో 42 గజాలు. సెంటు భూమి 48 గజాల పైచిలుకు కాబట్టి ఇది సెంటు కన్నా కూడా తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు సెంటు చొప్పున ఇళ్ల స్థలాలు ఇచ్చినప్పుడు, అందులో ఇల్లేం పడుతుంది, మంచమేం పడుతుంది అని చాలా వాదనే నడిచింది. వాదనంతా ప్లాటు కొలత చుట్టూ తిరిగింది. ఆ ప్లాటు ముందు ఎలాంటి వీధి ఉండాలి, వీధి ఎక్కడ మలుపు తిరగాలి, ఇళ్లు వీపులు ఆనించుకున్నచోట ఏం మిగలాలి అన్న మాటలు మాత్రం పెద్దగా వినబడలేదు. ఇండోర్ శివార్లలో 1980ల్లో వేసిన అరణ్య కాలనీ పనితనాన్ని చూడాల్సింది సరిగ్గా అక్కడ. అందులో అతి చిన్న ప్లాటు ఈ 42 గజాలదే. అయినా దాన్ని చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచి ఆర్కిటెక్టులు వస్తారు.

ముందు లెక్క. మొత్తం నేల 85 హెక్టార్లు, అంటే 210 ఎకరాలు. అందులో దాదాపు 6,500 ఇళ్లు. పెద్ద రోడ్లు, బజారు, బడులు, చెట్లున్న ఖాళీలు అన్నీ కలుపుకుని చూసినా ఎకరానికి 31 ఇళ్లు. మన ఊళ్ల చివర పొలాల్లో రాళ్లు పాతి అమ్మే లేఅవుట్లను దీని పక్కన పెట్టి చూడండి. ఎకరంలో రోడ్లూ పార్కూ పోను సగానికి కాస్త పైన మిగులుతుంది. 200 గజాల ప్లాట్లయితే పదమూడో పద్నాలుగో వస్తాయి. అరణ్య అంతకు రెట్టింపు మించి ఇళ్లను నేలమీదే, లిఫ్టు అవసరం లేకుండా సర్దింది. అంత ఇరుకులోనూ ఊపిరాడేలా సర్దింది. ఎలా అన్నదే విషయం.

1980ల మొదట్లో ఇండోర్‌లో 51,000 కుటుంబాలు ఇల్లు లేకో, అనుమతి లేని బస్తీల్లోనో ఉంటున్నాయని అంచనా. ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ నగరం నడిబొడ్డుకి ఆరు కిలోమీటర్ల దూరంలో, బొంబాయి–ఆగ్రా రోడ్డు పక్కన స్థలం తీసుకుని, అహ్మదాబాద్‌లోని వాస్తు శిల్ప ఫౌండేషన్‌కి ప్లాను పని అప్పగించింది. ఆ ఫౌండేషన్‌ని నడిపినవాడు ఆర్కిటెక్టు బాలకృష్ణ దోశీ. యౌవనంలో పారిస్‌లో ల కార్బూజియే దగ్గర పనిచేసి, ఆయన అహ్మదాబాద్ భవనాల్ని దగ్గరుండి కట్టించి, తర్వాత అక్కడి ఐఐఎం కట్టడంలో లూయీ కాన్‌కి తోడు నిలిచిన మనిషి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఉద్యోగుల టౌన్‌షిప్పు గీసిందీ ఆయనే, 1960ల చివర్లో. 2018లో ప్రిట్జ్‌కర్ అనే ఆర్కిటెక్చర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు. ఈ బిరుదుల జాబితా ఇక్కడితో చాలు. గీతలు చూద్దాం.

కాగితం మీద గీత పడకముందు జరిగిన పని ఒకటుంది. దోశీ ఫౌండేషన్, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కలిసి ఇండోర్‌లోని బస్తీలను కొలిచాయి. కొలవడమంటే సర్వే కాగితం మీద ఎన్ని గుడిసెలు, ఎంతమంది అని రాసుకోవడం కాదు. గుమ్మం ముందు ఎంత జాగాలో అంట్లు తోముతున్నారు, మంచం ఎక్కడ వాలుస్తున్నారు, మేక ఎక్కడ కట్టేస్తున్నారు, కిరాణా బంకు ఇంట్లోంచి వీధిలోకి ఎంత దూరం ముందుకొచ్చింది, చెట్టు కింద ఎవరు కూర్చుంటున్నారు, ఆ చోట వీధి వెడల్పు ఎంత ఉంది... ఇవన్నీ టేపు పెట్టి చూసి, బొమ్మలు వేసి, 1984లో పుస్తకంగా తెచ్చారు. అందులో తేలిన సంగతులు ఇంజనీరింగ్ ఆఫీసుల అలవాటుకి ఎదురు తిరిగాయి. సర్కారు లేఅవుట్లలో ప్లాట్లన్నీ ఒకే కొలత. బస్తీలో ఏ రెండూ ఒక్కలా లేవు, ఎవరి స్తోమతకి తగ్గట్టు వారు నేల పట్టుకున్నారు. సర్కారు లేఅవుట్లో వీధులన్నీ ఒకే వెడల్పు. బస్తీలో వీధి అవసరం ఉన్నచోట వెడల్పయింది, లేనిచోట మనిషి పట్టేంత సందయింది. సర్కారు ప్లాన్లలో పార్కు పెద్దదిగా, దూరంగా, ఎవరిదీ కానట్టుగా ఉంది. బస్తీలో ఖాళీ జాగా తక్కువే, అది చిన్న చిన్న ముక్కలుగా ఇళ్ల మధ్యనే ఉంది, ప్రతి ముక్కా రోజంతా వాడకంలో ఉంది.

బస్తీ బతుకు గొప్పదని ఈ పరిశీలకులు చెప్పలేదు. నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు, వానొస్తే బురద. ఆ లోటుకీ వీధి అల్లికకీ ముడిపెట్టకుండా విడదీసి చూడడం వాళ్లు చేసిన తెలివైన పని. మురుగుని తీసేయాలి, అల్లికని ఉంచాలి. అరణ్య ప్లాను అంతా ఈ విడదీతలోంచే పుట్టింది.

ఇప్పుడు ప్లాను. ఉత్తరం నుంచి దక్షిణానికి నడుమ గుండా ఒక వెన్నెముక: బజారు, ఆఫీసులు, పైన నివాసాలు. దానికి అటూ ఇటూ ఆరు సెక్టార్లు, ఒక్కొక్కటి 7,000 నుంచి 12,000 మందికి. వాహనాల రోడ్డు పెద్దది 15 మీటర్లు, అంటే 50 అడుగులు. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా తగ్గుతూ ఇళ్ల మధ్య వీధికి వచ్చేసరికి నాలుగున్నర మీటర్లు, మన భాషలో 15 అడుగులు. ఈ తగ్గుదలలోనే సగం విద్య ఉంది. మన బ్రోషర్లలో 33 అడుగుల రోడ్డు, 40 అడుగుల రోడ్డు అని పెద్దక్షరాల్లో వేస్తారు. ఎంత వెడల్పయితే అంత ధర. కానీ చిన్న ప్లాటు ముందు వెడల్పు రోడ్డు పెడితే ఆ రోడ్డు ఖర్చు, దాని కింద పైపుల ఖర్చు, దానికి పోయిన నేల ఖర్చు మొత్తం ఆ చిన్న ప్లాటు నెత్తినే పడుతుంది. పేదవాడికి రోడ్డు వెడల్పు చేసిన కొద్దీ ఇల్లు అందకుండా పోతుంది. 15 అడుగుల్లో స్కూటరు పోతుంది, తోపుడు బండి పోతుంది, అవసరమైతే ఆటో వస్తుంది. అంతకు మించిన బండికి అక్కడ పనిలేదని ప్లాను తీర్పు చెప్పేసింది.

బండ్ల దారి అలా ఉండగా, నడిచేవాళ్ల దారి వేరుగా అల్లుకుని ఉంటుంది. ఒక సెక్టారులోంచి ఇంకో సెక్టారుకి బండి మీద పోవాలంటే కాస్త చుట్టు తిరగాలి. కాలినడకన పోతే సందుల్లోంచి, చిన్న చౌకుల మీదుగా, చెట్ల జాగాల గుండా తిన్నగా వెన్నెముక బజారు చేరవచ్చు. చుట్టూ తిప్పడం పొరపాటు కాదు, కావాలని చేసినదే. దారి కలిసొస్తే బయటి బండ్లు ఇళ్ల మధ్యలోంచి దూసుకుపోతాయి. కలిసి రాకపోతే అక్కడ పనున్నవాళ్లే లోపలికి వస్తారు. గేటూ వాచ్‌మన్నూ చేసే పనిని ఇక్కడ వీధి మలుపులు చేస్తాయి.

మలుపుల గురించి ఇంకొంచెం చెప్పాలి. అరణ్యలో నేరుగా, కనుచూపు మేర సాగే లోపలి వీధి దొరకడం కష్టం. పది ఇళ్ల వరస నడిచాక వీధి ఒక అడుగు పక్కకు జరుగుతుంది, లేదా ఇంకో వీధితో కలిసి చిన్న చౌకయి మళ్లీ సన్నబడుతుంది. ఇక్కడ సాంద్రతకు సంబంధించిన కిటుకు ఒకటుంది. 300 ఇళ్లు ఒకే గీత మీద కనబడితే మనిషికి గుంపు కనబడుతుంది. అవే 300 ఇళ్లు ఇరవై ముప్పై చొప్పున మలుపుల వెనక దాక్కుంటే ఇరుగు పొరుగు కనబడుతుంది. ఎకరానికి ఇళ్ల సంఖ్య మారలేదు, కంటికి ఒకసారి తగిలే సంఖ్య మారింది. ఇరుకు అనిపించేది ఆ రెండో సంఖ్యను బట్టే. పిల్లవాడు వీధిలో ఆడుతుంటే తల్లికి కనబడే దూరమూ ఆ మలుపు దాకానే. కొత్తమనిషి వస్తే పది గుమ్మాల వాళ్లు గమనించే దూరమూ అదే.

ఒక్క మాట పక్కకి. ఈ ప్లానుని మన దగ్గర అమ్మడం చాలా కష్టం. వీధి ఎన్నిసార్లు విరిగితే అన్ని వీధిపోట్లు. పైగా వరసలన్నీ తూర్పు పడమరలుగా సాగుతాయి కాబట్టి ఎక్కువ ఇళ్ల ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉంటుంది, ఈస్ట్ ఫేసింగ్ కోసం అదనంగా ఇచ్చే మనకు అది రుచించదు. ఆ దిక్కు ఎంపికకు ఎండే కారణం. ఇండోర్ కర్కట రేఖకు కాస్త దక్షిణాన, మాళ్వా పీఠభూమి మీద ఉంది. అక్కడ వేసవిలో ఇంటిని కాల్చేది ఉదయం, సాయంత్రం వాలుగా కొట్టే ఎండ. వరస ఇళ్లలో తూర్పు, పడమర గోడలు పక్కింటి గోడలే కాబట్టి వాటి మీద ఎండే పడదు. ఉత్తర దక్షిణాలకు మాత్రమే కిటికీలు. నడినెత్తి సూర్యుడికి ఆ కిటికీల మీద ఒక చిన్న చూరు చాలు. ఎదురింటి నీడ పదిహేను అడుగుల వీధి మీద పడుతుంది. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకోవడం లోటు అనుకుంటాం. ఇక్కడ ఆ ఆనుకోవడమే ఇంటిని చల్లగా ఉంచుతుంది, గోడ ఖర్చునీ తగ్గిస్తుంది.

ఇంటికీ వీధికీ మధ్య అరమీటరు జాగా వదిలారు. నాకు ఈ ప్లానులో అన్నిటికంటే నచ్చింది ఈ అరమీటరే. రూల్సు పుస్తకంలో సెట్‌బ్యాక్ అంటే ఖాళీగా ఉంచాల్సిన చోటు. ఏమైనా కడితే ఆక్రమణ, నోటీసు. ఇక్కడ అరమీటరు వదిలింది ఆక్రమించుకోవడానికే. అరుగు వేసుకో, రెండు మెట్లు పెట్టుకో, పైకి మెట్లదారి తీసుకో, పైన బాల్కనీ ముందుకు తెచ్చుకో. మనుషులు ఎలాగూ చేసే పనికి ముందే చోటు ఇచ్చి, అక్కడితో ఆగమన్నారు. అరుగు మీద కూరగాయలు పెట్టి అమ్మేవాళ్లకి అదే దుకాణం, ముసలివాళ్లకి అదే వరండా, బీడీలు చుట్టేవాళ్లకి అదే కార్ఖానా. కోనసీమ ఊళ్లలోనో తెలంగాణ పాత వాడల్లోనో పెరిగినవాళ్లకి ఈ అరమీటరు ఏం చేస్తుందో వివరించనక్కర్లేదు. ఇప్పటి కాలనీల్లో దాన్ని కాంపౌండ్ గోడ మింగేసింది.

వెనక వైపూ అంతే శ్రద్ధ. పదేసి ఇళ్ల గుంపు, ఒక్కో ఇంటికీ వెనక పెరడు. కడిగే నీళ్లు, బట్టలు, మరుగుదొడ్డి వెనక్కి పోయాయి. కూర్చోవడం, అమ్మకం, పలకరింపు ముందుకు వచ్చాయి. మరుగుదొడ్లను ఒకదాని వీపుకి ఒకటి ఆనించి గుంపులుగా పెట్టడంతో పైపు పొడవు తగ్గింది. ఇరవై ఇళ్లకొక సెప్టిక్ ట్యాంకు. పైపు మీటరు తగ్గితే ఆ డబ్బు ఇంకెక్కడో పునాది అవుతుంది. డ్రైనేజీ గీతా వీధి గీతా కలిపి ఒకే చేత్తో గీశారని ప్లాను చూస్తేనే తెలుస్తుంది. మన దగ్గర మామూలుగా లేఅవుట్ ఒకరు గీస్తారు, రోడ్లు వేశాక డ్రైనేజీ కోసం ఇంకొకరు వచ్చి వాటినే తవ్వుతారు.

అతి పేదలకు ఇచ్చినది పూర్తి ఇల్లు కాదు. ప్లాటు, సిమెంటు అరుగులా బేస్‌మెంట్ స్థాయి దాకా లేచిన పునాది, స్నానాల గది, మరుగుదొడ్డి, ఒక గది. నీళ్లు, కరెంటు లాగి ఉంచారు. తక్కినది మీ చేతిలో, మీ మేస్త్రీ చేతిలో. ఇటుకో రాయో కాంక్రీటో, ఏది దొరికితే అది. తొలి చెల్లింపుని కుటుంబం ఆదాయాన్ని బట్టి లెక్కగట్టి, మిగతాది నెలనెలా వాయిదాల్లో కట్టమన్నారు. తక్కిన వర్గాలవాళ్లు చాలావరకు ఉట్టి ప్లాటే కొనుక్కున్నారు. దోశీ మాత్రం 80 మాదిరి ఇళ్లు కట్టి చూపించాడు: ఒంటిగది నుంచి రెండంతస్తుల దాకా, మెట్లు బయట ఉంటే ఎలా, బాల్కనీ మూలకి తిప్పితే ఎలా, పెరడు మీద శ్లాబు వేస్తే ఎలా అని. అవి అనుసరించి తీరాల్సిన డిజైన్లు కావు. ఇంత చోటులో ఇన్ని చేయొచ్చని చూపడమే వాటి పని.

ఈ ఆలోచన ఆయనకు కొత్తది కాదు. 1973లో అహ్మదాబాద్‌లో ఎల్‌ఐసీకి కట్టిన ఇళ్లలో కింది అంతస్తు పెద్దిల్లు, మధ్యది మధ్యరకం, పైది చిన్నిల్లు. ఒకే మెట్లదారి మీద మూడు రకాల ఆదాయాలు. పైకి పోయేకొద్దీ ఇల్లు చిన్నదై డాబా మిగులుతుంది, ఆ డాబా మీద తర్వాత గది వేసుకోవచ్చు. అక్కడ నిలువుగా చేసిన కలగలుపుని అరణ్యలో నేలమీద అడ్డంగా పరిచాడు.

అలా పరచడంలో డబ్బు లెక్క ఉంది. ప్లాట్లు 35 చదరపు మీటర్ల నుంచి 475 దాకా. మూడింట రెండు వంతులకు దగ్గరగా, 65 శాతం, అతి పేదలవి. ప్రతి సెక్టారులోనూ అంచుల వెంట, నడుమ బజారు వెంట డబ్బున్నవాళ్ల ప్లాట్లు. సెక్టారు గర్భంలో పేదల ఇళ్లు. హైవే ముఖం ఉన్న నేలకి, బజారు ముఖం ఉన్న నేలకి మంచి ధర పలుకుతుంది, ఆ మిగులు లోపలి 42 గజాల మీదికి మళ్లుతుంది. పెద్ద ప్లాట్లవాళ్లకి బండ్లుంటాయి, వాళ్లున్నది వెడల్పు రోడ్ల మీదే. చిన్న ప్లాట్లవాళ్లు నడిచేవాళ్లు, వాళ్లున్నది నడిచే వీధుల్లో. నేల ధర, రోడ్డు వెడల్పు, ఆదాయం మూడూ ఒకే గీత మీద కలిశాయి. పేదల కాలనీ అంటే ఊరవతల ఒకే ముద్దగా పడేసే అలవాటుకి ఇది నేరుగా ఇచ్చిన జవాబు. 1995లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం ఇచ్చినవాళ్లు మెచ్చుకున్నదీ ముఖ్యంగా ఈ కలగలుపునే.

అయినా దీన్ని గమనించి చూస్తే కొంచెం తటపటాయింపు కలుగుతుంది. పేదలు నడుమ, ఉన్నవాళ్లు చుట్టూ అంటే, బయటి నుంచి పోయేవాడికి పేదలు కనబడరు. మర్యాదకీ మరుగుకీ తేడా ఇక్కడ సన్నగా ఉంది. వాళ్లు బజారుకి రావాలంటే ప్రతిసారీ పెద్దిళ్ల ముందు నుంచే రావాలి. ఇది మంచిదంటారు దోశీ పక్షం వాళ్లు, ఒకే దారి మీద అందరూ కలుస్తారని. కొంతవరకు నిజమే. కానీ హైవే పక్క ప్లాటు ఒక్కటైనా లాటరీ వేసి పేదలకిచ్చి ఉంటే దుకాణం పెట్టుకుని ఎంత లాభపడేవారో! డబ్బు లెక్క అందుకు ఒప్పుకోదని తెలుసు. ప్లాను గీసినవాడికీ తెలిసే ఉంటుంది.

అసలు పరీక్ష కాలం పెట్టింది. గీసినప్పుడు 40,000 మంది అనుకున్నారు. హెక్టారుకి 470 మంది. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి ప్రకటించినప్పుడు అక్కడ 80,000 మందికి పైగా ఉంటున్నారని చెప్పారు. అంటే దాదాపు రెట్టింపు, అదే నేల మీద, అవే వీధుల్లో. ఒంటిగది ఇళ్ల మీద రెండో అంతస్తు, మూడో అంతస్తు లేచాయి; పై గది అద్దెకు పోయింది; అద్దె డబ్బుతో కింద శ్లాబు పడింది. పునాది ముందే వేసి ఉంది, మెట్లకి అరమీటరు ముందే ఉంది కాబట్టి ఇది ఒకేసారి కాకుండా ఇల్లిల్లుగా జరిగింది. ఇలా పెరిగే అవకాశం కట్టేసిన అపార్ట్‌మెంట్ బ్లాకుకి ఉండదు. దానికి మొదటి రోజు ఎంత సాంద్రతో చివరి రోజూ అంతే.

నష్టాలూ ఉన్నాయి. ధర పెరగ్గానే తొలి యజమానుల్లో కొందరు ప్లాటు అమ్ముకుని వెళ్లిపోయారు, వాళ్ల చోట మధ్యతరగతి వచ్చింది. మధ్యతరగతితో కారు వచ్చింది. 15 అడుగుల వీధిలో కారు ఆగితే మిగిలేది ఏడెనిమిది అడుగులు. పిల్లల ఆట, మంచం, తోపుడు బండి ఆ మిగిలినదాంట్లో సర్దుకోవాలి. కొన్ని పెరళ్ల మీద శ్లాబు పడి గాలి మూసుకుపోయింది. వీధిని కాపాడే గీత ఉందిగానీ, పేదవాడిని తన ప్లాటులో కాపాడే గీత ఏ ఆర్కిటెక్టు దగ్గరా లేదు, అది అమ్మకాల చట్టం దగ్గరా అప్పుల లెక్క దగ్గరా ఉంటుంది.

80 మాదిరి ఇళ్లలోనూ చాలావాటి ముఖం మారిపోయింది. పుస్తకాల్లో మనం చూసే ఫొటోల్లో ఎర్రటి మెట్లు, మూల బాల్కనీలు, తెల్లటి పిట్టగోడలు ఉంటాయి. ఇప్పుడు అక్కడ టైల్సు, గ్రిల్సు, షట్టర్లు. దోశీ అభిమానులు కొందరు ఇది చూసి నొచ్చుకుంటారు. నాకైతే నొచ్చుకోవడానికి కారణం కనబడదు. ఇల్లు ఎవరిదో వాళ్లు మార్చుకున్నారు, మార్చుకోమనే ఇచ్చారు. ఈరోజు ఆ 80 ఇళ్లను పోల్చుకోవాలంటే గోడల్ని చూసి లాభం లేదు. పాత ప్లాను చేతిలో పట్టుకుని, వీధి ఎక్కడ పక్కకు జరిగింది, చౌకు ఎక్కడ విచ్చుకుంది, అక్కడి నుంచి ఎన్నో గుమ్మం అని లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఆ లెక్క ఇప్పటికీ సరిపోతుంది.